జనగామలో దిద్దేవాళ్లం ఇద్దరం

పోయిన శుక్రవారం పొద్దున్నే భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. చేసినాయన బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన కవి, నాకు పదిహేనేళ్లుగా తెలిసిన మనిషి.

"అక్కా, ఆపా పోయింది. తెల్లారంగ పానం పోయిందట. జుమ్మా నమాజ్ అయినంక తీస్తరట. నేను బస్సెక్కిన" అన్నాడు.

ఏమైంది, ఎట్లా పోయింది అని అడగాలి కదా. నేను అడిగింది అది కాదు.

"నీకెవరు చెప్పిన్రు?"

"కొడుకు ఫోన్ చేసిండక్కా."

ఆపా ఇంటికీ మా ఇంటికీ మధ్య నాలుగు గల్లీలు. భూపాలపల్లి నుంచి జనగామకు మూడు గంటల ప్రయాణం. కొడుకు ముందు అతనికి చెప్పాడు. ఫోన్ పక్కన పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది మాత్రం అసూయ.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమని మిత్రులు అడిగారు. ఆమె మంచితనం గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, రాస్తారు కూడా. నేను మాత్రం ఆమెను ఏళ్ల తరబడి ఓర్వలేకపోయిన మనిషిగానే రాయగలను. ఓర్వలేనివాళ్లు చూసినంత శ్రద్ధగా ఒక మనిషిని ఇంకెవరూ చూడరని నా అనుభవం.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో జనగామలో ఇతరుల రాతలు దిద్దిపెట్టే పని చేసేవాళ్లం ఇద్దరమే ఉండేవాళ్లం. ఒకదాన్ని నేను. రెండో మనిషి ఆపా.

నాది రఘునాథపల్లి దగ్గర ఊరు. మాది వ్యవసాయం కుటుంబం. నాయిన ఒకసారి సర్పంచ్‌గా చేశాడు, కూతురు పెద్ద చదువు చదవాలని హైదరాబాద్ పంపించాడు. ఎం.ఏ. తెలుగులో చేరిన మొదటి వారం, తరగతిలో ఏదో ప్రశ్నకు లేచి నిలబడి "సార్, మేం గిట్ల అనుకోలే" అన్నాను. తరగతంతా నవ్వింది. పాఠం చెప్పే ఆయన కూడా నవ్వి, "ఏదీ, ఇంకోసారి చెప్పమ్మా" అన్నాడు. అర్థంకాక అడిగాడేమో అనుకుని అదే మాట మళ్లీ చెప్పాను. మళ్లీ నవ్వారు. ఆ రోజు నుంచి రేడియో వార్తలు విని, హాస్టల్ గదిలో అద్దం ముందు నిలబడి అదే పలుకు పలకడం మొదలుపెట్టాను. రెండేళ్లు తిరిగేసరికి నేను ఏ ప్రాంతందాన్నో నోరు విప్పినా ఎవరూ పోల్చలేకపోయేవాళ్లు. అది నా జీవితంలో పెద్ద గెలుపు అనుకున్నాను.

తర్వాత కొన్నేళ్లు ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, అది మానేసి, జనగామ స్టేషన్ దగ్గర మేడమీద ఒక గది తీసుకున్నాను. నా పేరు పక్కన ఎం.ఏ. అని వేయించి బయట బోర్డు పెట్టాను: "తెలుగు రాతప్రతుల దిద్దుబాటు, శుద్ధప్రతి తయారీ." ఎవరి దగ్గరా ఉద్యోగం కాదు, నా పని నాది. అప్పుడే ఉద్యమం ఊపందుకుంది. చూస్తుండగానే అందరూ రాయడం మొదలుపెట్టారు. టీచర్లు, కండక్టర్లు, గుమస్తాలు, బొగ్గుబాయి కార్మికులు. పాటలు, కవితలు, ఊరి చరిత్రలు, తాతల కథలు. సమ్మె జరుగుతున్నప్పుడైతే పొద్దున ధర్నాలో కూర్చున్నవాళ్లు సాయంత్రానికి పదేసి పేజీలు పట్టుకుని నా మెట్లెక్కేవాళ్లు. ఎర్ర ఇంకు పెన్ను తీసి కూర్చునేదాన్ని. "వచ్చినం" అని ఉంటే కొట్టేసి "వచ్చాము" అని రాసేదాన్ని. "ఏంది" ఉంటే "ఏమిటి". నాకు తెలిసిన దిద్దుబాటు అదే. నన్ను నేను దిద్దుకున్నది కూడా అట్లాగే.

ఆపా సంగతి వేరు. వాళ్ల నాన్నకు పాత బజార్లో చిన్న ప్రెస్ ఉండేది. పెళ్లి కార్డులు, కరపత్రాలు వేసేవాళ్లు. ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడే స్టూలెక్కి, గళ్లపెట్టెలోంచి సీసపు అక్షరాలు ఏరి పేర్చడం నేర్చుకుందట. ఇంట్లో మాట్లాడేది దక్కనీ, చదివింది ఉర్దూ మీడియంలో పదో తరగతి. తెలుగు మాత్రం వేళ్లతో నేర్చుకుంది. "ఒక ఒత్తు తక్కువైతే గళ్లల్ల చెయ్యివెట్టి దేవులాడాలె చెల్లె. అట్ల దేవులాడిన ఒత్తు పానం ఉన్నంతసేపు మర్చిపోము" అనేది. కంప్యూటర్లు వచ్చాక ప్రెస్ మూతపడింది. వాచీలు బాగుచేసే భర్త చిన్న వయసులోనే పోయాడు. ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్ కుడుతూ, ఊళ్లోని డీటీపీ సెంటర్లకు ప్రూఫులు చూసిపెట్టేది. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా ఆమెను ఆపా, అంటే అక్కా, అనే పిలిచేవాళ్లు.

ఆమె ఉన్నదని నాకు తెలిసిందే ఒక అవమానంతో. ఒక ఊరి చరిత్రను పది రోజులు కూర్చుని దిద్ది, శుద్ధప్రతి చేసి డీటీపీ సెంటర్లో ఇచ్చాను. సెంటర్ నడిపే ఆయన కాగితాలు తిరగేసి, "మంచిగున్నది మేడం. ఒక్కసారి ఆపాకు చూపిచ్చి వేస్త" అన్నాడు.

"నేను చూశాక ఇంకొకరు ఎందుకండీ?" అన్నాను.

"ఏంలేదు మేడం, అలవాటు."

మర్నాటికి నా ప్రతిలో రెండు తప్పులు దొరికాయి. అందులో ఒకటి తరిగొప్పుల పేరు. మా ఊరికి దగ్గరి పల్లె. దాన్ని నేను దీర్ఘం పెట్టి రాశాను. ఆమె దాన్ని దిద్దలేదు, కొట్టేయలేదు. పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టింది, అంతే. ఆ చుక్కను చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నా ఎర్రగీతలు వంద ఉన్న పేజీలో అందరికీ కనిపించింది ఆ ఒక్క చుక్కే అనిపించింది.

అక్కడి నుంచి నాకు అదే ధ్యాస. ఎవరైనా వచ్చి, "మేడం, రెండు రోజులు ఆలోచించుకుని చెప్త" అని వెళితే అటే పోయాడనుకునేదాన్ని. చాలాసార్లు అది నిజమే అయ్యేది.

ఇక మహబూబాబాద్ సార్ విషయం చెప్పాలి. ఆయన రిటైరైన హెడ్మాస్టర్. అరవై తొమ్మిది నాటి తొలి ఉద్యమంలో విద్యార్థిగా జైలుకు పోయినవాడు. ఆ రోజుల గురించి రాసిన పుస్తకం నాకు తెచ్చి ఇచ్చాడు. అందులో అన్నిటికంటే బాగున్నది ఆయన తల్లి. కొడుకును చూడ్డానికి టిఫిన్ డబ్బా పట్టుకుని జైలు గేటు దగ్గర ఎండలో కూర్చునే మనిషి. లోపలికి రానిచ్చాక ఆమె అడిగిన మొదటి మాట, "తిన్నవా కొడుకా? బక్కగైనవ్." నేను దాన్ని, "భోజనం చేశావా నాయనా? చిక్కిపోయావు" అని మార్చాను. పుస్తకం అంతా అట్లాగే మార్చి, అందంగా రాసి ఇచ్చాను.

సార్ నా ఎదురుగానే ఆ పేజీ చదువుకున్నాడు. మళ్లీ చదువుకున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, చాలా మెల్లగా అన్నాడు.

"మేడం, మీరు చాన కష్టపడ్డరు. గని గీమె మా అవ్వ కాదు."

"సార్, పుస్తక భాష అట్లాగే ఉంటుంది కదా" అన్నాను.

"ఉంటదేమో. మా అవ్వ గిట్ల అడిగితె, నేను తిన్నననే చెప్పకపోదును. ఎవరో ఆఫీసరమ్మ అడుగుతున్నదనుకుందును."

కాగితాలు సంచిలో పెట్టుకుని దండం పెట్టి వెళ్లిపోయాడు. ఎక్కడికి పోయాడో అడగనక్కర్లేదు.

వారం ఓపికపట్టి, నా చీరకు ఫాల్ కుట్టించుకునే మిషతో ఆపా ఇంటికి వెళ్లాను. ముందు గదిలో చాప మీద సార్ కూర్చుని పైకి చదువుతున్నాడు. ఆమె గోడ దగ్గర కూర్చుని కుడుతోంది. నన్ను చూసి, "రాండ్రి మేడం, కూసోండ్రి" అని పీట జరిపింది. సార్ చదువుతూనే ఉన్నాడు. సూది కదులుతూ ఉంది. ఉన్నట్టుండి ఒకచోట సూది ఆగింది.

సార్ కూడా ఆగాడు. "ఏమైంది ఆపా?"

"మల్ల చదువుండ్రి."

ఆయన మళ్లీ చదివాడు. జైలు నుంచి వచ్చిన రోజు ఊరంతా తనను మోసుకెళ్లిందని రాసుకున్న భాగం. చదువుతూ చదువుతూ తనే నవ్వేశాడు. "జర ఎక్కువ రాసిన ఆపా. పదిమంది వచ్చిన్రు, గంతే."

"పదిమంది తక్కువనా సార్?" అని సూది మళ్లీ కదిలించింది.

ఆమె పని అంతే. ఎదురుగా కూర్చుని చదివేవాళ్లకు సూది ఆగేది, కాగితాలు వదిలిపోయేవాళ్లకు చుక్క పడేది. అది ఎందుకో రాసినవాళ్లే కనిపెట్టుకోవాలి. నేను అడిగాను, గొంతులో వెటకారం దాచుకోలేక, "చుక్క పెడితే సరిపోతుందా? ఏం రాయాలో చెప్పొద్దా?" అని. "నేను చెప్తె నా మాటైతది మేడం. వాళ్ల పుస్తకంల నా మాట ఎందుకు?" అంది. అందులో గొప్పలు పోవడం లేదు, నన్ను దెప్పడం కూడా లేదు. అందుకే నాకు ఇంకా మండింది. చీర అక్కడే వదిలేసి వచ్చాను.

ఆమె దేవత అని రాయను. ఆమెకే అది నచ్చదు. కాగితాలు చెప్పిన రోజుకు ఎప్పుడూ ఇచ్చేది కాదు. నచ్చని రాత తెస్తే మొహం మీదే, "గిది చదివితె నిద్రొస్తున్నది, తీస్కపో" అనేది. ఒకాయన ఏడుస్తూ నా దగ్గరికి వచ్చాడు, నేను ఎంతో సంతోషంగా ఆయనకు టీ ఇప్పించాను. సోంపు నములుతూ ఊళ్లో అందరి సంగతులూ చెప్పుకునేది. అయినా జనం అక్కడికే పోయేవాళ్లు. ఎందుకు పోతున్నారో తెలిసీ నేను నా పద్ధతి మార్చుకోలేదు. మార్చుకుంటే హాస్టల్ గదిలో రెండేళ్లు పడ్డ కష్టం తప్పని ఒప్పుకున్నట్టే కదా.

తర్వాత నేను చేసిన పని ఇది. ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు చోట్ల రాసేవాళ్లు కలిసి ఉద్యమ అనుభవాలతో ఒక సంకలనం వేయాలనుకున్నారు. సంపాదకత్వం ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి నలుగురితో కమిటీ. అందులో ఒకరు, జనగామ లెక్చరర్, నా గదికి వచ్చి అడిగాడు. "చానమంది ఆపాకు ఇద్దామంటున్నరు. మీరేమంటరు?"

నేను పెన్ను మూత పెట్టి, మెత్తగా చెప్పాను. "ఆమె మంచిదే సార్, కాదనను. కానీ చదివింది ఉర్దూ మీడియం పదో తరగతి. ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదు. రేపు పుస్తకంలో తప్పులు దొరికితే అవతలివాళ్లు నవ్వరా? మన ఉద్యమం పరువు కదా."

నన్ను చూసి నవ్వినవాళ్ల నవ్వునే తీసి ఆమె మీదికి విసిరాను. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. లెక్చరర్ తల ఊపి వెళ్లాడు. వారం తర్వాత సంకలనం నా చేతికి వచ్చింది.

మూడు ఊళ్ల నుంచీ, చుట్టుపక్కల పల్లెల నుంచీ కాగితాలు రావడం మొదలైంది. కొన్ని పోస్టులో, కొన్ని మనుషులతో. ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నాను. చిత్రంగా దిద్దడానికేం లేదు. వాక్యాలు నిలబడి ఉన్నాయి. మనుషులు తమలాగే మాట్లాడుతున్నారు. ఎక్కడా ఒక ఒత్తు తప్పు లేదు. "గిట్ల", "ఎట్ల" అని ఉన్నచోట పెన్ను పెట్టబోతే చెయ్యి రాలేదు, ఆ మాట తీస్తే వాక్యం కూలిపోతుందని తెలుస్తూనే ఉంది. నాలుగో రోజు భూపాలపల్లి కవి పంపిన కవితను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. అంచులో పెన్సిల్ చెరిపిన గుర్తు. చిన్న గుంట. వేలితో తడిమితే తెలుస్తోంది. మిగతా కాగితాలన్నీ ఒక్కొక్కటే ఎత్తి చూశాను. మహబూబాబాద్‌వి, తరిగొప్పులవి, మొగుళ్లపల్లివి. దాదాపు అన్నిటి అంచుల్లోనూ ఉన్నాయి. నాకు పంపేముందు అందరూ వాటిని ఆపాకు చూపించుకుని, చుక్కలు చెరిపి పంపారు.

అప్పుడైనా లేచి వెళ్లి కమిటీకి ఆ మాట చెప్పాల్సింది. చెప్పలేదు. సంకలనం అచ్చైంది. సంపాదకురాలిగా మొదటి పేజీలో నా పేరు.

భూపాలపల్లిలో ఆవిష్కరణ సభ. నాకు శాలువా కప్పారు. ఆడవాళ్ల వరుసలో ఆపా కూర్చుని చప్పట్లు కొడుతోంది. మొహమాటానికి కొట్టే చప్పట్లు కావు, చేతులు ఎత్తి మరీ కొట్టింది. శాలువా కింద నాకు చెమటలు పట్టాయి.

సభ మధ్యాహ్నానికి ముగిసింది. బస్సులు బంద్. జనగామ వాళ్లందరం ఒక వ్యాన్‌లో బయల్దేరాం, నా పక్క సీటు ఆపాది. మొగుళ్లపల్లి అడ్డరోడ్డు దగ్గర వ్యాన్ ఆగిపోయింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. రెండువైపులా లారీలు నిలిచిపోయాయి. "తిననిది పోనియ్యం" అని ఊరివాళ్లు మమ్మల్ని దింపేశారు. నడిరోడ్డు మీద తాటాకు చాపలు పరిచి విస్తళ్లు వేశారు. వడ్డిస్తున్న ఒక పెద్దావిడ ఇంకో ఆమె మీద అరుస్తోంది. "గంజు దించరాదె, అడుగంటుతున్నది! నీ మొగనికి వండినట్టే వండుతున్నవ్?"

అందరూ నవ్వారు. ఆపా అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, ఆ మాటను తనలో తను రెండుసార్లు అనుకుంది. పెదాలు కదలడం నేను చూశాను. తర్వాత నా వైపు తిరగకుండానే అంది.

"నువ్వు లెక్చరర్ సార్‌తోని అన్నది నాకు తెలుసు చెల్లె."

మేడం అనడం మానేసి చెల్లె అన్నది ఆ రోజే. కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేశాను.

"పరేషాన్ కాకు. నువ్వన్నది అబద్ధమేం కాదు. మా ఇంట్ల తెలుగు లేదు. అందుకే బయట ఎవరు మాట్లాడినా గా మాట నాకు కొత్తగనే ఇనపడ్తది. కొత్తది పారేయబుద్ధి కాదు. నీకు చిన్నప్పటినుంచి ఇంట్లనే ఉన్నయి కద, గందుకే పారేస్తున్నవ్."

అంతే అంది. పెద్దావిడను పిలిచి, "అవ్వా, జర చారు పొయ్యి" అని అడిగింది.

క్షమించమని అడగాలనిపించింది. దానికంటే ముందు, ఆమె అంత తేలిగ్గా క్షమించగలిగినందుకు కూడా నాకు అసూయ వేసింది. వ్యాన్ మళ్లీ కదిలి జనగామ చేరేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

రాష్ట్రం వచ్చింది. సంకలనం రెండోసారి వేస్తామన్నారు. ఈసారి నేనే కమిటీ దగ్గరికి వెళ్లాను. లెక్చరర్ ముందర, మహబూబాబాద్ సార్ ముందర, కాగితాల అంచుల సంగతి మొత్తం చెప్పాను. అప్పుడు నేనన్న మాట కూడా చెప్పాను. సార్ "ఇప్పటికన్న చెప్పినవ్, మంచిదైంది" అన్నాడు. సంపాదకురాలి స్థానంలో ముందు ఆమె పేరు, తర్వాత నా పేరు పెట్టించాను. ఆ పేజీని ఎవరి చేతికీ ఇవ్వకుండా నేనే కంపోజ్ చేయించి, నేనే ప్రూఫ్ చూశాను.

మొదటి కాపీ తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. అప్పటికే చూపు మసకబారుతోంది. చూసి చూసి పకపకా నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. ఆమె పేరులో ఒత్తు పోయింది.

"గిన్ని పుస్తకాలకు ఒత్తులు దేవులాడిచ్చిన. నా పేరుకే దొరకలేదా చెల్లె?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె ఆ పుస్తకాన్ని ఇంటికి వచ్చినవాళ్లందరికీ చూపించి నవ్వించేది. "మా ఎమ్మే చెల్లె చూసిన ప్రూఫు" అనేది. అట్లా నా తప్పును ఊరంతా నవ్వుకుని మరిచిపోయేంత చిన్నది చేసింది.

ఆ తర్వాతే నేను కూడా ఆమె చాప మీద కూర్చున్నాను. రాతప్రతులతో కాదు, నా సొంత కాగితాలతో. హైదరాబాద్ హాస్టల్ రోజుల గురించి రాసుకున్నవి. ఆమెకు చూపు పూర్తిగా తగ్గిపోయింది, చేతిలో సూది లేదు. మోకాలి మీద చెయ్యి ఆడిస్తూ వింటోంది. నేను చదువుతున్నాను. "ఆనాడు తరగతిలో నేనొక మాట అన్నాను. అందరూ నవ్వారు. నా హృదయం అవమానభారంతో కుంగిపోయింది."

చెయ్యి ఆగింది.

"మల్ల చదువు."

చదివాను. చెయ్యి కదలలేదు.

"ఏం మాట అన్నవే గప్పుడు?"

"గుర్తులేదు ఆపా."

"అబద్ధం."

చెప్పాను. ఎన్నేళ్ల తర్వాతో ఆ మాటను నా నోటితో పైకి అన్నాను. "సార్, మేం గిట్ల అనుకోలే."

"గంతేనా?" అంది ఆశ్చర్యంగా. "మంచిగనే ఉన్నది కద! గది రాయకుంట, మిగిలిందంత ఎందుకు రాసినవ్?"

ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. కోడలిని పిలిచి చాయ్ పెట్టమంది. నా ఏడుపు తగ్గాక, ఇంకోవైపు మొహం తిప్పుకుని, తను కూడా ఒక మాట చెప్తానంది.

"స్టేషన్ కాడ నీ బోర్డు ఉండె కద. గది చూస్తె నాకు కడుపు మండేది చెల్లె. కుర్చీల కూసుంటవ్, ఎమ్మే అని రాసుకుంటవ్, పెద్ద పెద్దోళ్లు వచ్చి నమస్తే పెడ్తరు. నేనేమో నేల మీద కూసోని ఫాల్ కుట్టుకుంట. కూరగాయలకు పోవాల్నంటె నీ బోర్డు కనవడకుంట వెనక గల్లీల నుంచి తిరిగి పోయేదాన్ని. చాన దూరం."

"నిజంగానా?"

"అల్లా మీద ఒట్టు. గా దూరం నడిచి నడిచే నా మోకాళ్లు పోయినయి."

ఇద్దరం నవ్వుకున్నాం. ఇంట్లోవాళ్లు ఏమైందోనని తొంగి చూసేంత నవ్వుకున్నాం. నాకు ఆమె ఇచ్చినవాటిలో ఆ మాటే పెద్దదనిపిస్తుంది. ఇన్నేళ్లూ నేనొక్కదాన్నే నీచురాలిననుకున్నాను.

ఇప్పుడు నా దగ్గరికి రాతలు తెచ్చేవాళ్లను ముందు పైకి చదవమంటాను. వింటాను. ఆమెలా వినడం నాకు రాదు. ఎక్కడ ఆగాలో ఒక్కోసారి తెలుస్తుంది, చాలాసార్లు తెలియదు. వచ్చినవాళ్లు, "ఆపా అయితె గిక్కడ ఆగేది" అని నాకు చెప్తారు. ఇప్పటికీ ఆ మాట వింటే లోపల చిన్న మంట రేగుతుంది. దాన్ని ఆర్పాలని ఈ మధ్య అనిపించడం లేదు.

శుక్రవారం నేను ఆ గోడ దగ్గరి నుంచి లేచి వెళ్లేసరికి పొద్దెక్కింది, గల్లీ నిండిపోయి ఉంది. మహబూబాబాద్ సార్ చేతికర్రతో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. భూపాలపల్లి కవి అప్పుడే దిగినట్టున్నాడు, చేతిలో సంచి అట్లాగే ఉంది. ఒక్కొక్కరూ ఆమె తమతో ఏమన్నదో చెప్పుకుంటున్నారు. తన రాతను రెండుసార్లు విన్నదని ఒకరు, తనకు అసలు చుక్కే పెట్టలేదని ఇంకొకరు. నాతో ఎక్కువ చనువంటే నాతో ఎక్కువ అన్నట్టు. నేను వాళ్లను దాటుకుని లోపలికి, ఆడవాళ్ల దగ్గరికి పోయాను. ఆపా మొహం చూపించారు. కొడుకు నన్ను చూసి, "అక్కా, మీకు ఫోన్ చేద్దామంటె చెయ్యి రాలే. తను పోతె మీరే ఎక్కువ ఏడుస్తరని అమ్మీ అనేది" అన్నాడు. కోడలి చేతిని పట్టుకుని కూర్చున్నాను.

నమాజ్ అయ్యాక జనాజా లేపారు. మోయడం మగవాళ్ల వంతు, ఆడవాళ్లం గడప దగ్గర ఆగిపోయాం. కొడుకు ముందు భుజం పట్టాడు. కవి సంచి ఎవరికో ఇచ్చి రెండోవైపు పట్టాడు. సార్ కర్ర వదిలేసి నాలుగడుగులు మోశాడు. ఆయనను పట్టుకుని పక్కకు తప్పించి ఇంకొకరు వచ్చారు. గల్లీ చివర పెద్దరోడ్డు. అక్కడ జామకాయల బండివాడు ఒకడు, ఆమె ఎవరో ఏమిటో తెలియనివాడు, ఎదురైన జనాజాకు భుజమిస్తే పుణ్యమని, తలకు రుమాలు చుట్టుకుని పరుగున వచ్చి జనాజా మోసే డోలా కింద భుజం పెట్టాడు. పదడుగులు నడిచాడు. ఇంకొకరికి భుజం మార్చి, వెనక్కి వచ్చి, రుమాలు విప్పి మొహం తుడుచుకుని, మళ్లీ తన బండి దగ్గర నిలబడ్డాడు.

జనాజా మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. నేను గడప పట్టుకుని, కాయలు సర్దుకుంటున్న ఆ మనిషి భుజం వైపే చూస్తూ నిలబడ్డాను.